పీయూ ఫ్లోర్ కోటింగ్ వేయించాలా, వద్దా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఎపాక్సీ, పీయూ ఫ్లోరింగ్ పనులు, అంటే కాంక్రీటు నేల మీద వేస్తే గట్టిపడే రెసిన్ కోటింగులు, చేయించడం నా వృత్తి. ఫోన్ చేసే బంధువులైనా, కస్టమర్లైనా అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు, నేను చెప్పేవీ అవే సమాధానాలు. అందుకే అన్నీ ఒకచోట రాసేస్తున్నాను. కోటింగ్ అంటగట్టే ఉద్దేశం లేదు, ఇది చదివి కొందరు "అయితే మాకు వద్దులే" అనుకున్నా మంచిదే.

పీయూ అంటే ఏమిటి? అది కూడా ఒక పెయింటేనా?

పాలీయురెథేన్‌కి పొట్టిపేరు పీయూ. 1937లో జర్మనీలో ఒట్టో బేయర్ అనే రసాయన శాస్త్రవేత్త, ఆయన బృందం దీన్ని తయారుచేశారు. సోఫాలో స్పాంజీ, ఫ్రిజ్ గోడల మధ్య ఉండే గట్టి నురగ, కొన్ని రకాల చెప్పుల అట్టలు, స్టేడియాల్లో ఎర్రగా కనిపించే పరుగు ట్రాకులు, ఇవన్నీ ఈ కుటుంబంలోవే.

నేల మీద వేసే రకం ఎక్కువగా రెండు డబ్బాల్లో వస్తుంది. ఒకదాంట్లో పాలియాల్, దాన్ని మేం బేస్ అంటాం. రెండోదాంట్లో ఐసోసైనేట్, అది హార్డెనర్. మామూలు పెయింటు ఆరడం వేరు, ఇది గట్టిపడడం వేరు. పెయింటు తడిబట్టలా ఆరితే, ఇది పాలు తోడుకున్నట్టు తోడుకుంటుంది. పెరుగు మళ్లీ పాలు కాదు కదా, అలాగే ఇదీ ఒకసారి గట్టిపడిందంటే థిన్నర్ పోసినా కరగదు. తోడు కొలత తప్పితే పెరుగు చెడినట్టే ఇక్కడ కూడా హార్డెనర్ కొలత తప్పితే జిగటగా ఉండిపోతుంది, వారమైనా చెయ్యి అంటుకుంటూనే ఉంటుంది. అందుకే కంపెనీ ఇచ్చిన సెట్టును మొత్తం కలపాలి, సగం సగం కళ్లతో అంచనా వేసి కలిపే మేస్త్రీని ఆపెయ్యండి.

ఎపాక్సీ ఉండగా ఇది ఎందుకు?

ఎపాక్సీ కాంక్రీటును గట్టిగా పట్టుకుంటుంది, మందంగా పోసుకోవచ్చు, ఖర్చు తక్కువ. కాకపోతే పెళుసు. పైగా ఎండ తగిలితే పసుపెక్కుతుంది, ఆ తర్వాత మెరుపు పోయి సుద్దలా తయారవుతుంది. షట్టరు పక్కన ఎండ పడేంత మేర మాత్రమే రంగు మారిపోయిన గోడౌన్లు మీరూ చూసే ఉంటారు.

పీయూకి కొంచెం సాగే గుణం ఉంది, గీతలు తక్కువ పడతాయి, ఎండను తట్టుకుంటుంది. ఎండ విషయంలో ఒక మెలిక ఉంది, అది కింద వేరే ప్రశ్నలో చెప్తాను. కాంక్రీటును పట్టుకోవడంలో మాత్రం ఎపాక్సీ ప్రైమరే మేలు. అందుకని చాలా సైట్లలో ఈ రెండింటిలో ఒకటే ఎంచుకోం: అడుగున ఎపాక్సీ ప్రైమర్, మధ్యలో ఎపాక్సీ మందం, పైన పల్చగా పీయూ టాప్‌కోటు. "పీయూ ఫ్లోరింగ్ వేశాం" అని చెప్పే చోట్ల సగానికి సగం నిజానికి ఇదే. మోసమేమీ కాదు, కాకపోతే మీరు దేనికి డబ్బు కడుతున్నారో మీకు తెలిసి ఉండాలి.

సూటిగా చెప్పండి, లాభాలేంటి?

అతుకులు లేని నేల. టైల్స్ సందుల్లో మురికి పేరుకునే బాధ ఉండదు, తుడవడం తేలిక. ట్రాలీలు, బండ్లు రోజూ తిరిగినా అరుగుదల తక్కువ. ఫ్లోరు కొద్దిగా కదిలినా, వేడికి వ్యాకోచించినా పెళుసు కోటింగులా టక్కున పగలదు. పెట్రోలు, నూనెలు, చాలా రకాల క్లీనింగ్ కెమికల్స్ తట్టుకుంటుంది. హైవే మీద నుంచి వచ్చిన కారును పార్కు చేస్తే వేడి టైర్లకు మామూలు ఎపాక్సీ మెత్తబడి పెచ్చులుగా లేచిరావడం తరచూ జరిగేదే. మంచి పీయూ టాప్‌కోటు ఉంటే ఆ ఇబ్బంది బాగా తగ్గుతుంది.

మందంగా పోసే మెత్తని పీయూ ఫ్లోర్లు కూడా ఉన్నాయి, 2 మి.మీ. పైన. వాటి మీద నడిస్తే అడుగుల చప్పుడు తక్కువ, రోజంతా నిలబడి పనిచేసేవాళ్లకు కాళ్లనొప్పి కాస్త తక్కువ. మన దగ్గర ఇవి ఇంకా అరుదు.

మరి నష్టాలు?

ఖర్చు ఎపాక్సీ కంటే ఎక్కువ, ఇది మొదటిది. రెండోది, గట్టిపడేదాకా నీళ్లన్నా చెమ్మన్నా దీనికి అసలు పడదు. మూడోది, టాప్‌కోటు చాలా పల్చన, 50 నుంచి 80 మైక్రాన్లు, అంటే ఇంచుమించు తలవెంట్రుక మందం. అది కింద ఉన్న గుంటల్ని కప్పదు సరికదా, మెరిసే రకమైతే ఇంకా ఎత్తి చూపిస్తుంది. నాలుగోది, కలిపిన తర్వాత టైము తక్కువ, చాలా రకాలకు 20 నుంచి 40 నిమిషాలు, మే నెలలో అయితే ఇంకా తక్కువ. అయిదు, వేసేటప్పుడు ఒంటికి మంచిది కాదు. ఆరు, రిపేరు చేసిన చోటు కనిపిస్తుంది.

ఇవన్నీ ఒక ఎత్తు, కింద ఉన్న కాంక్రీటు ఒక ఎత్తు. నేను చూసిన ఫెయిల్యూర్లలో డబ్బాలో ఉన్న సరుకు తప్పు అయినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతావన్నీ కింద నేల తప్పు, అంటే నేలను సరిగా చూడకుండా వేసిన మా తప్పు.

ఎండకు రంగు మారదన్నారు, మా పార్కింగులో మారింది. ఎందుకు?

ఇదే నేను చెప్పిన మెలిక. పీయూలో రెండు జాతులు: అలిఫాటిక్, ఆరోమాటిక్. ఎండను తట్టుకునేది అలిఫాటిక్ మాత్రమే, రేటు ఎక్కువ. ఆరోమాటిక్ రకం ఎపాక్సీలాగే పసుపెక్కుతుంది. లోపలి పొరలకు, ఎండ పడని చోట్లకు ఆరోమాటిక్ సరిపోతుంది, పైపొరకు వేస్తేనే తంటా. కొటేషన్‌లో ఉత్త "పీయూ" అని రాస్తే ఏది వేసినా మీరు అడగలేరు. "అలిఫాటిక్ పీయూ టాప్‌కోట్" అని పేరు, గ్రేడుతో సహా రాయించుకోండి.

చెమ్మ, చెమ్మ అని అందరూ భయపెడతారు. అసలు ఏమవుతుంది?

రెండు రకాలుగా దెబ్బ కొడుతుంది. హార్డెనర్‌లోని ఐసోసైనేట్‌కి నీరు తగిలితే అది పాలియాల్‌ని వదిలేసి నీళ్లతో చర్య జరుపుతుంది, కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది, సన్నని బుడగలు వస్తాయి. సోఫా స్పాంజీ పొంగడంలో ఈ చర్యకూ పాత్ర ఉంది, అక్కడ కావాలని చేస్తారు, ఇక్కడ వద్దనుకున్నా జరుగుతుంది. రెండోది నెమ్మదిగా వచ్చే దెబ్బ. కోటింగ్ బాగానే గట్టిపడుతుంది, తర్వాత నేలలోంచి పైకి వచ్చే తడికి బయటికి దారి లేక కోటింగును లోపలినుంచి నెడుతుంది.

నా కథే చెప్తాను. ఈ లైన్‌లోకి వచ్చిన కొత్తలో గోదావరి జిల్లాల్లో ఒక గోడౌన్ పని ఒప్పుకున్నాను. ఆగస్టు నెల, బయట చేలల్లో నీళ్లు నిలబడి ఉన్నాయి, ఓనరుకు ఓపెనింగ్ ముహూర్తం దగ్గరపడింది. నేల చూస్తే పొడిగానే ఉంది. టెస్ట్ చేద్దాం అంటే ఒకరోజు పోతుందని నేనే వదిలేశాను. ఓపెనింగ్ రోజు నేల అద్దంలా ఉంది, అందరూ మెచ్చుకున్నారు, స్వీట్లు పెట్టారు. మూడు వారాలకు ఫోన్ వచ్చింది. వెళ్లి చూస్తే బూరెల పళ్లెంలా ఎక్కడికక్కడ ఉబ్బెత్తులు, ఒకదాన్ని చాకుతో పొడిస్తే నీళ్లు. నేల తడి పైకి రాకుండా స్లాబు కింద వేయాల్సిన పాలిథీన్ షీటు వేయలేదని తర్వాత తెలిసింది, అది ముందే అడగాల్సింది నేను. మొత్తం గీకి మళ్లీ వేయడానికి ఆ ఏడాది సంపాదన అందులోనే పోయింది.

టెస్టుకు పెద్ద ఖర్చు లేదు. 18 అంగుళాల చదరం పాలిథీన్ షీటును నేలకు పరిచి నాలుగు అంచులూ టేపుతో గాలి పోకుండా అతికించండి. 16 గంటలు వదిలేయండి. తీసి చూస్తే షీటు అడుగున నీటి చుక్కలు గానీ, నేల రంగు ముదురుగా మారడం గానీ ఉంటే పని ఆపాలి. ఏమీ లేకపోయినా పూర్తిగా నమ్మకండి, తేమ మీటరు పెట్టి చూడమనండి, చాలా కంపెనీల డేటా షీట్లు (సరుకు వివరాల కాగితాలు) కాంక్రీటులో తడి 4 శాతం లోపు ఉండాలంటాయి. కొత్త కాంక్రీటు అయితే 28 రోజులు ఆగాలని అందరికీ తెలుసు, కానీ ఆ 28 రోజులు కాంక్రీటు బలానికి లెక్క, ఆరడానికి కాదు. ఆరడానికి మోటు లెక్క అంగుళం మందానికి నెల. డెల్టా ఊళ్లలో, చెరువుల పక్కన, వానాకాలంలో ఇంకా ఆలస్యం.

ఏ కాలంలో, ఏ వేళలో వేయించాలి?

మా ప్రాంతాల్లో అయితే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయి. ఎండాకాలంలో చేయలేమని కాదు, టైము ఎంచుకోవాలి. చాలామంది "చల్లగా ఉంటుంది కదా" అని తెల్లవారుజామున మొదలుపెడతారు. అది తప్పు. పొద్దెక్కే కొద్దీ కాంక్రీటు వేడెక్కి దాని సన్నని రంధ్రాల్లో గాలి వ్యాకోచించి పైకి వస్తుంది, తడిగా ఉన్న కోటింగులో సూదిపోట్లలాంటి రంధ్రాలు చేస్తుంది. ఎండ పడే చోట సాయంత్రం, నేల చల్లబడుతూ ఉన్నప్పుడు ప్రైమర్ వేస్తే అది రంధ్రాల్లోకి పీల్చుకుంటుంది.

కానీ విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో సాయంత్రం పూట ఇంకో గొడవ, మంచు. నేల వేడి, గాలిలో ఆవిరి నీరుగా మారే వేడి కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలన్నది మా లైన్‌లో రూలు. లెక్క చూడండి: గాలి 30 డిగ్రీలు, తేమ 80 శాతం ఉంటే 26 డిగ్రీల దగ్గరే నీరు పట్టడం మొదలవుతుంది. అంటే నేల 29 డిగ్రీల పైన ఉండాలి. ఏసీ గది పక్కన ఉన్న నేల అంతకంటే చల్లగా ఉండొచ్చు, కంటికి తెలియని తడి పడుతుంది, మర్నాటికి కోటింగ్ మీద పాలవిరుగుడు లాంటి తెల్లని మచ్చలు. తేమ 85 శాతం దాటితే ఆ రోజు సామాను సర్దుకుని టీ తాగి ఇంటికి వెళ్లిపోవడమే.

ఇంట్లో హాలుకు వేయించుకోవచ్చా? టైల్స్ మీదే వేసేయొచ్చా?

వేయించుకోవచ్చు, వేయించుకున్నవాళ్లు ఉన్నారు. నన్నడిగితే, మన ఇళ్లకు గ్రానైటో, విట్రిఫైడ్ టైల్సో ఉండగా దీని అవసరం తక్కువ. పాతకాలం రెడ్ ఆక్సైడ్ గచ్చు ఉండి, దాని అందం పోకుండా కాపాడాలనుకుంటే మాత్రం మ్యాట్ పీయూ క్లియర్ కోటు బాగుంటుంది. ముందు ఏళ్లనాటి మైనం, నూనె పూర్తిగా తీసేయాలి, చిన్న మూల ట్రయల్ వేసి చూడాలి.

టైల్స్ మీద అంటే, పైన గ్లేజు మొత్తం గ్రైండింగ్ చేసి తీయాలి, సందులు నింపాలి, గుల్లగా మోగే టైల్స్ పీకేయాలి. ఇంత చేసినా ఏడాది తిరిగేసరికి సందుల గీతలు పైకి కనిపించే అవకాశం ఉంది. తాండూరు, షాబాద్, బేతంచెర్ల బండల మీద అయితే నేను ఒప్పుకోను. కింద ఇసుక, పక్కన కదిలే జాయింట్లు, వానాకాలం నెమ్ము. ఆ బండలు వాటంతట అవే బాగుంటాయి, వదిలేయండి.

రొయ్యల ప్లాంటుకు, డెయిరీకి ఏది వేయాలి?

ఇక్కడ పల్చని టాప్‌కోటు సంగతి మర్చిపోండి. భీమవరం, నెల్లూరు వైపు రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్ ఒక్కసారి చూస్తే అర్థమవుతుంది. రోజంతా ఐసు, ఉప్పునీళ్లు, క్లోరిన్ నీళ్లు, షిఫ్టు అయ్యాక కొన్నిచోట్ల వేడినీళ్లతో కడుగుడు. చల్లని నేల మీద మరిగే నీళ్లు పడితే మామూలు ఎపాక్సీ ఒకలా, కింద కాంక్రీటు ఇంకోలా వ్యాకోచిస్తాయి, రెండిటి మధ్య పట్టు ఊడిపోతుంది. అక్కడికి కావలసింది పీయూ కాంక్రీటు. పీయూ రెసిన్, సిమెంటు, గ్రేడు చేసిన ఇసుక కలిపి తాపీతో పరిచే రకం. ఇది వేడికి సాగడం ఇంచుమించు కాంక్రీటులాగే ఉంటుంది, అందుకే అంటిపెట్టుకుని ఉంటుంది. కొంచెం చెమ్మను కూడా సహిస్తుంది, పీయూ కుటుంబంలో అంత ఓర్పు ఉన్నవి తక్కువ.

మందం ఎంత అనేది వేడిని బట్టి. సాధారణంగా డేటా షీట్లలో 6 మి.మీ.కి సుమారు 80 డిగ్రీలు, 9 మి.మీ.కి 120 డిగ్రీల దాకా రాసి ఉంటుంది. స్టీమ్ క్లీనింగ్ ఉంటే 9 కంటే తగ్గకండి. డెయిరీలో అయితే పాలు పులిసి వచ్చే లాక్టిక్ ఆమ్లం మామూలు కాంక్రీటును తినేస్తుంది, కంకర తేలిపోయిన పాత డెయిరీ ఫ్లోర్లన్నీ దాని పనే. పీయూ కాంక్రీటు దాన్ని బాగా తట్టుకుంటుంది.

ఒక్క విషయం మాత్రం కాంట్రాక్టరు దగ్గర నిలబడి చూసుకోండి. గోడ అంచుల్లో, డ్రెయిన్ల చుట్టూ, గుమ్మాల దగ్గర కాంక్రీటులో గాడి కొట్టి కోటింగును అందులోకి దింపాలి. గాడి వెడల్పు, లోతు కోటింగ్ మందానికి రెట్టింపు ఉండాలి. శ్రమ అని ఈ పని ఎగ్గొట్టేవాళ్లే ఎక్కువ. అంచు లేస్తే మిగతా నేల ఎంత బాగున్నా నీళ్లు కిందికి దూరి చాపలా లేపేస్తాయి.

లోపాలు: చూడ్డానికి మ్యాట్‌గా, గరుకుగా ఉంటుంది, రంగులు తక్కువ, ఎండ పడితే రంగు మారుతుంది, బాగా వేసే పనివాళ్లు తక్కువ. వాలు సరిగా లేని నేలకు ఇది వాలు తెచ్చిపెట్టదు, అది ముందే స్క్రీడులో, అంటే కింద పరిచే సిమెంటు ఇసుక పొరలో, సరిచేసుకోవాలి.

ఫార్మా కంపెనీలో పీయూ తప్పనిసరా?

పీయూనే వేయాలన్న రూలు లేదు. మందుల తయారీకి మన దేశంలో ఉన్న నియమాలు, షెడ్యూల్ ఎం అంటారు, అవి అడిగేది నేల నున్నగా, పగుళ్లు లేకుండా, శుభ్రం చేయడానికి వీలుగా ఉండాలని. ఎపాక్సీతో కూడా అది తీరుతుంది. సాల్వెంట్లు (థిన్నర్ లాంటి ద్రవాలు) ఒలికే చోట ఏ సాల్వెంటో చెప్పి కంపెనీ కెమికల్ రెసిస్టెన్స్ చార్టు అడగండి. స్టాటిక్ కరెంటు భయం ఉన్న చోట దానికోసమే చేసిన వేరే గ్రేడు కావాలి, మామూలు పీయూ పనికిరాదు.

డాబా మీద వేసే పీయూ వాటర్‌ప్రూఫింగ్, ఇదీ ఒకటేనా?

కుటుంబం ఒకటే, పని వేరు. డాబాకు వేసేది రబ్బరులా బాగా సాగే పొర, నీళ్లు ఆపడానికి. ఫ్లోర్ కోటింగ్ అరుగుదల ఆపడానికి. డాబా రకం మీద వడియాలు పెట్టుకోవడం, అప్పుడప్పుడు నడవడం పరవాలేదు, కానీ మంచాలు ఈడ్చినా, పూలకుండీలు రాసుకున్నా చిరుగుతుంది. చాలామంది దాని మీద స్క్రీడు గానీ టైల్స్ గానీ వేయించడం అందుకే.

కొటేషన్ చూస్తే ఏమీ అర్థం కావడం లేదు. ఏం చూడాలి?

చదరపు అడుగు రేటు ఒక్కటే చూసి తక్కువ ఉన్నవాళ్లకు ఇచ్చేయడమే అసలు తప్పు. మందం ఎంతో చూడండి, అదీ ఆరిన తర్వాత మందం. కోటింగులో సగం సాల్వెంటు ఉంటే 100 మైక్రాన్లు తడిగా వేసింది ఆరాక 50 మైక్రాన్లు అవుతుంది, మిగతా సగం గాలిలోకి పోయినట్టే.

లెక్క తేలికే. 1 లీటరును 100 మైక్రాన్ల మందాన పరిస్తే 10 చదరపు మీటర్లు వస్తుంది, అంటే సుమారు 107 చదరపు అడుగులు. మీది 1000 అడుగుల షెడ్డు, 2 మి.మీ. సెల్ఫ్ లెవెలింగ్ (పోస్తే దానంతట అదే సమంగా పరుచుకునే రకం) అన్నారు అనుకోండి. 93 చదరపు మీటర్లు, 2 మి.మీ., అంటే 186 లీటర్ల సరుకు లోపలికి రావాలి. పీయూ కాంక్రీటు అయితే ప్రతి చదరపు మీటరుకు ఒక మి.మీ. మందానికి సుమారు 2 కిలోలు, 6 మి.మీ.కి 12 కిలోలు. సైటుకు వచ్చిన డబ్బాలు లెక్కపెట్టుకోండి, సీలు తీయకముందే. పని అయ్యాక ఖాళీ డబ్బాలు కూడా అక్కడే ఉంచమనండి. ఈ ఒక్క మాట ముందే చెప్తే కొన్ని కొటేషన్లు వాటంతట అవే మారిపోతాయి, నవ్వొస్తుంది కానీ నిజం.

ఇంకొకటి, నేల తయారీ. డైమండ్ గ్రైండింగా, షాట్ బ్లాస్టింగా (సన్నని ఇనుప గుళ్లతో కొట్టి గరుకు చేయడం), లేక యాసిడ్ పోసి కడిగేస్తారా? యాసిడ్ కడుగుడుకు నేను దూరం. నేలలోకి ఇంకా నీళ్లు తాగిస్తుంది, అంతా సమానంగా పట్టదు, కడిగిన నీళ్లు ఎక్కడికి వదలాలో తెలియదు.

ఐసోసైనేట్ అంటే భోపాల్ గ్యాసే కదా?

అడగాల్సిన ప్రశ్నే. 1984 డిసెంబరు 2-3 రాత్రి భోపాల్‌లో బయటికి వచ్చింది మిథైల్ ఐసోసైనేట్, అక్కడ పురుగుమందు తయారీకి వాడేవారు. చాలా తేలిగ్గా ఆవిరయ్యే ద్రవం. ఫ్లోరింగ్ హార్డెనర్లలో ఉండేవి డైఐసోసైనేట్లు, వాటి గొలుసులు. రసాయన బంధుత్వం ఉంది, కానీ ఇవి బరువైనవి, అంత తేలిగ్గా ఆవిరి కావు. రెండూ ఒకటి కాదు.

అలాగని తేలిగ్గా తీసుకోకండి. డైఐసోసైనేట్లు పీల్చినా, చర్మానికి పదేపదే తగిలినా ఒంటికి పడకుండా పోయి ఆస్తమా రావచ్చు. ఒకసారి అలా అయినవాళ్లకు ఆ తర్వాత అతి కొంచెం తగిలినా ఊపిరాడదు, ఇక ఆ పని మానుకోవాల్సిందే. యూరప్‌లో 2023 ఆగస్టు 24 నుంచి 0.1 శాతం కంటే ఎక్కువ డైఐసోసైనేట్ ఉన్న సరుకు వాడే వృత్తి పనివాళ్లకు శిక్షణ తప్పనిసరి చేశారు. మన దగ్గర మూతికి కర్చీఫ్ కట్టుకుని చేసేస్తున్నారు, కర్చీఫ్ దుమ్మును కూడా సరిగా ఆపదు. ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు, నైట్రైల్ గ్లవ్స్, కళ్లద్దాలు, తలుపులు బార్లా తీసి ఉంచడం, ఇవి కనీసం. స్ప్రే చేసే పనైతే ఇంకా ఎక్కువ జాగ్రత్త. పనివాళ్లకు ఇవి ఉన్నాయో లేదో ఓనరుగా మీరు అడిగితే తప్పేం లేదు.

పని జరుగుతుంటే ఇంట్లో ఉండొచ్చా?

వద్దు. సాల్వెంటు రకమైతే వాసన తల పట్టేస్తుంది. నీటి ఆధారిత రకాల్లో వాసన బాగా తక్కువ, హార్డెనర్ ఉన్న రకమైతే జాగ్రత్తలు మాత్రం అవే. ఆస్తమా ఉన్నవాళ్లు, గర్భిణులు, చిన్నపిల్లలు నాలుగైదు రోజులు వేరే చోట ఉంటే మంచిది. పూర్తిగా గట్టిపడిన తర్వాత దానివల్ల భయం లేదు. తర్వాత ఎప్పుడైనా గ్రైండింగ్ చేస్తే ఆ దుమ్ము పీల్చకండి, కాలిస్తే వచ్చే పొగ విషం.

ఎప్పుడు నడవొచ్చు, కారు ఎప్పుడు ఎక్కించొచ్చు?

మామూలుగా 24 గంటలకు నడక, వారం తర్వాత బండి. మధ్యలో నీళ్లు పోసి కడగకండి. పెళ్లివారికి సెల్లార్ ఇవ్వాలి, మూడో రోజే షామియానా గుంజలు దింపుతాం అంటే మాత్రం నన్ను పిలవకండి.

తడి ఉంటే జారుతుందా?

జారుతుంది, నున్నగా మెరిసే రకమైతే మరీ. ర్యాంపులకు, కిచెన్లకు, బాత్రూము ముందు భాగానికి క్వార్ట్జ్ ఇసుక గానీ అల్యూమినియం ఆక్సైడ్ గానీ చల్లి దానిమీద టాప్‌కోటు వేయించాలి. జర్మన్ పద్ధతిలో ఆర్9 నుంచి ఆర్13 దాకా గ్రేడులు ఉన్నాయి, అంకె పెరిగేకొద్దీ పట్టు ఎక్కువ. కానీ గరుకు పెరిగితే తుడవడం కష్టం, మాపు దారాలు చిక్కుకుంటాయి. రెండూ కావాలంటే కుదరదు, ఎక్కడ ఏది ముఖ్యమో మీరే తేల్చుకోవాలి.

పసుపు మరక, ముగ్గు, దీపం నూనె వీటితో ఏమైనా అవుతుందా?

దీపం నూనెతో ఏమీ కాదు, తుడిస్తే పోతుంది, దీపమే బోర్లా పడితే మాత్రం కాలిన మచ్చ ఉంటుంది. పసుపు లేత రంగు నేల మీద పడితే వెంటనే తుడవండి, రాత్రంతా వదిలేస్తే మరక దిగుతుంది. పసుపు రంగు ఎండకు వెలిసిపోతుంది కాబట్టి ఎండ తగిలే చోటైతే కొన్నాళ్లకు అదే తగ్గొచ్చు. పసుపు మరక పోగొట్టాలని బ్లీచింగ్ పౌడరు వేసి రుద్దకండి, మెరుపు పోతుంది. ముగ్గు విషయానికొస్తే బియ్యప్పిండి ముగ్గుతో చింత లేదు. రాతిపిండి ముగ్గు మాత్రం కాళ్ల కింద నలిగి ఉప్పుకాగితంలా గీస్తుంది, సంక్రాంతి నెల అయ్యేసరికి గుమ్మం ముందు మెరుపు పోయి మసకబారుతుంది. మా ఆవిడకు ఇది చెప్పి చూశాను. ముగ్గు ఆగలేదు, కోటింగే వేరే రకం వేశాను.

అమెరికాలో ఉంటాం, మాది చెక్క నేల. అక్కడ చెప్పే పాలీయురెథేన్ ఇదేనా?

అవును, కానీ అది చెక్కకు వేసే రకం. అక్కడ రెండు దొరుకుతాయి. ఆయిల్ బేస్డ్ రకం తేనె రంగు తెస్తుంది, ఏళ్లు గడిచేకొద్దీ ఇంకా ముదురుతుంది, వాసన ఘాటు, కోటుకీ కోటుకీ మధ్య ఇంచుమించు ఒకరోజు ఆగాలి. నీటి రకం స్వచ్ఛంగా ఉంటుంది, గంటల్లో ఆరుతుంది, ఖరీదు ఎక్కువ. మీ ఓక్ చెక్క లేత రంగులోనే ఉండాలంటే నీటి రకం, పాత ఇంటి కళ కావాలంటే ఆయిల్ రకం. కార్పెట్లు, రగ్గులు రెండు నుంచి నాలుగు వారాల దాకా పరచకండి.

ఒక జాగ్రత్త. ఆయిల్ రకం తుడిచిన గుడ్డల్ని ఉండలా చుట్టి చెత్తబుట్టలో పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకోవచ్చు. బయట విడివిడిగా ఆరేయండి, లేదా నీళ్లలో ముంచి మూత ఉన్న ఇనుప డబ్బాలో పెట్టండి. ఇంతకుముందు ఆ నేలకు మైనమో, ఆయిల్ సోపో వాడి ఉంటే కొత్త కోటు అంటుకోదు, అది ముందే కనుక్కోండి. శీతాకాలంలో చెక్కల మధ్య సందులు తెరుచుకోవడం కోటింగ్ వల్ల కాదు, గాలి పొడిబారడం వల్ల.

గరాజీకి "ఒక్కరోజులో ఫ్లోర్" అని ప్రచారం చేసేది ఎక్కువగా పాలీఆస్పార్టిక్. ఇదీ పీయూకి దగ్గరి చుట్టమే. త్వరగా గట్టిపడుతుంది, అదే దాని బలం, వేసేవాడికి చేయి తిరగకపోతే అదే దాని సమస్య.

ఎన్నేళ్లు వస్తుంది? గీతలు పడితే?

ఇన్నేళ్లని చెప్పేవాళ్లను నమ్మకండి. అదే కోటింగ్ ఆఫీసులో పదేళ్లు ఉంటుంది, ఇనుప చక్రాల ట్రాలీ తిరిగే చోట రెండేళ్లకే దారి పడుతుంది. ట్రాలీకి పీయూ చక్రాలు మార్పించండి, కోటింగ్ మీద పెట్టే ఖర్చు కంటే చాలా తక్కువ. బీరువాలు ఈడవకుండా ఎత్తి జరపండి.

టాప్‌కోటు అరిగి కింద పొర బయటపడకముందే పైన ఇంకో కోటు వేయించుకుంటే తక్కువలో పోతుంది. మెరిసే నేలను ముందు ఉప్పుకాగితంతో గరుకు చేసి దుమ్ము తీయాలి, లేకపోతే పాత పొరకు కొత్తది అతుక్కోదు. చిన్న ముక్క అతుకు వేస్తే రంగు తేడా తెలుస్తుంది, అందుకని గోడ నుంచి గోడకు, జాయింటు నుంచి జాయింటుకు ఒక గడి మొత్తం వేయించండి.

నేనే వేసుకోవచ్చా?

చెక్క బల్ల, గరాజీ చిన్నదైతే ప్రయత్నించండి. 500 అడుగులు దాటితే వద్దు. కలిపిన సరుకు అరగంటలో గట్టిపడిపోతుంటే ఒకరు కలపాలి, ఒకరు పోయాలి, ఒకరు రోలరు పట్టాలి, మధ్యలో ఫోన్ మోగితే ఎత్తకూడదు. వేసుకుంటే మాత్రం తలుపు వైపుకు వెనక్కి నడుస్తూ వేయండి. మూలలో ఇరుక్కుపోయి గంటలతరబడి కిటికీ దగ్గర నిలబడ్డ కుర్రాడు మా టీములోనే ఉన్నాడు.

మిగిలిన సరుకు దాచుకోవచ్చా?

కలిపేసింది దాచలేరు. బకెట్టులో గుట్టగా వదిలేస్తే వేడెక్కుతుంది, పాత అట్టపెట్టె మీద పల్చగా పరిచేయండి, గట్టిపడ్డాక పారేయొచ్చు. కలపని హార్డెనర్ మూత తీసి ఉంటే గాలిలో తేమకే పైన పొర కడుతుంది. తడి లోపలికి పోయాక మూత బిగిస్తే గ్యాసు పుట్టి డబ్బా ఉబ్బుతుంది, అలా ఉబ్బిన డబ్బాను మొహం దగ్గర పెట్టుకుని తెరవకండి. బేస్ డబ్బా మాత్రం సీలు తీయకుండా, తయారీ తేదీ కనిపించేలా నీడలో పెట్టుకోండి, రిపేరుకు అదే రంగు మళ్లీ దొరకడం కష్టం.